రుజువు ఎక్కడ అడగాలి, ఎక్కడ ఊరుకోవాలి

(పోయిన ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. నాకు ఇక్కణ్ణుంచి చూస్తే పెళ్లిపందిరిలా ఉందండీ. ఎడంపక్క బొట్లు, విభూతి రేఖలు, మెడలో సిలువ ఉన్నవాళ్లు ఇద్దరు, వెనక టోపీ పెట్టుకున్న మాస్టారు ఒకరు. కుడిపక్క మా హేతువాద మిత్రులు, నోటుపుస్తకాలు తెరిచి పెన్ను క్యాపు కూడా తీసి రెడీగా ఉన్నారు. మగపెళ్లివారు ఇటు, ఆడపెళ్లివారు అటు అన్నట్టు. మధ్యలో కూర్చున్నవాళ్లది ఏ పక్షమో నాకు తెలీదు. ఫ్యాను పక్షం అనుకుంటా.

నా పక్షం ముందే చెప్పేస్తాను, తర్వాత మోసం చేశాడనకూడదు. నేను దేవుణ్ణి నమ్మను. మా ఆవిడ నమ్ముతుంది. శనివారం మా ఇంట్లో ఉల్లిపాయ తరగరు, నేనూ తినను. ఎందుకు తినవు, నమ్మవు కదా అంటారు మా కుడిపక్క మిత్రులు. ఉల్లిపాయ తినకపోవడానికి నాస్తికత్వం అడ్డం రాదండీ. వండేది ఆవిడ. 38 ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఇవాళ విషయం నమ్మకం, రుజువు. ఈ రెండు పక్షాలూ వాదించుకోవడం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, నేనూ బోలెడు వాదించాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వాదన అయ్యాక ‘నువ్వు చెప్పిందే నిజం’ అని లేచి వెళ్లడం మీరు చూశారా? చేతులెత్తండి. లేదు కదా. మరి ఎందుకు వాదిస్తున్నాం?

దీనికి మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టారు. గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో, అంటే మన పాత తర్కశాస్త్ర గ్రంథంలో, వాదానికి, జల్పానికి, వితండానికి తేడా చెప్పారు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు కూర్చుంటే అది వాదం. ఎలాగైనా గెలవాలని కూర్చుంటే జల్పం. తనకంటూ ఒక మాట లేకుండా అవతలివాడు ఏమంటే అది కొట్టిపారేస్తూ పోతే వితండం. ఈ మూడింట్లో మన నోట్లో ఇప్పటికీ రోజూ తిరిగే మాట ఏది? ‘వితండవాదం చేయకు.’ మిగతా రెండింట్లో వాదం అన్నామంటే పోట్లాట అని అర్థం, జల్పం అన్నదాన్ని పూర్తిగా మర్చిపోయాం. దేన్ని ఎక్కువ చేస్తామో దాని పేరే గుర్తుంటుంది మరి.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎడంపక్కవారు ఏమనుకోకండి. ఆస్తికుడు అంటే దేవుణ్ణి నమ్మేవాడు అని ఇవాళ మన అర్థం. పాత దర్శనాల లెక్కలో ఆస్తికుడు అంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకునేవాడు. ఆ దర్శనాల్లో ఒకటైన మీమాంసవాళ్లు, మీమాంసకులు, వేదం కోసం ప్రాణం పెట్టేవాళ్లు, కానీ ఈ లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడు ఒకడున్నాడంటే ఒప్పుకోలేదు. వాళ్లలో పెద్ద పండితుడు కుమారిల భట్టు అయితే సృష్టికర్త ఉన్నాడన్న మాట మీద వరసగా ప్రశ్నలు గుప్పించాడు. నైయాయికులు, అంటే ఇందాకటి న్యాయసూత్రాల దారివాళ్లు, ముఖ్యంగా ఉదయనుడనే పండితుడు, లేదు ఉన్నాడు అని తర్కంతోనే రుజువు చేయడానికి కూర్చున్నారు. అంటే దేవుడికి రుజువు అడగడం ఇంగ్లీషు చదువులతో వచ్చిన రోగం కాదు. అడిగినవాళ్లూ ఇక్కడివాళ్లే, చూపించబోయినవాళ్లూ ఇక్కడివాళ్లే.

సరే, నా సొంత కథ ఒకటి చెప్తాను. ఇందులో నేనే గెలిచాను. గెలిచి ఏం బావుకున్నానో వినండి.

1995 సెప్టెంబరు 21, గురువారం. వినాయకుడు పాలు తాగిన రోజు. నలభై దాటినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. తెల్లారకముందు ఢిల్లీలో మొదలైంది, మధ్యాహ్నానికల్లా దేశమంతా పాకింది, లండన్‌లో సౌతాల్ గుడిలో కూడా తాగేశాడు. అప్పుడు వాట్సాప్ లేదు, సెల్లు లేదు. ఎస్టీడీ ఫోన్ బూత్‌ల మీదే నడిచింది అంతా. నేను అప్పుడు గుడివాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే మా వీధి చివర గుడి దగ్గర క్యూ. అందరి చేతుల్లోనూ స్టీలు గ్లాసు, ఒక స్పూను. పాలబూతులో పాలు అయిపోయాయి. మా అమ్మ పొద్దుటే వెళ్లిందట, ఇంకా ఇంటికి రాలేదు.

నేను లోపలికి వెళ్లి చూశాను. స్పూను నిండా పాలు పోసి తొండానికి ఆనిస్తున్నారు. స్పూనులో మట్టం మెల్లగా తగ్గుతోంది. నిజంగానే తగ్గుతోందండీ, అబద్ధం కాదు. స్పూను అంచు దాటి ఉబ్బినట్టు నిలబడ్డ పాలు రాతికి తగలగానే తలతన్యత వల్ల, అంటే ద్రవం పైభాగం సాగదీసిన పొరలా ఉండే గుణం వల్ల, అటు లాగబడతాయి, అప్పటికే తడిసి ఉన్న రాయి మీద పల్చటి పొరలా కిందికి జారిపోతాయి. తెల్లటి పాలు, రాయంతా తడి, పైన పూలదండ. ఏం కనబడుతుంది?

నేను అప్పటికి 35 ఏళ్లవాణ్ణి, వేడి మీదున్నాను. అక్కడే పళ్లెంలో ఉన్న కుంకుమ చిటికెడు తీసి పాలలో కలిపి స్పూను ఆనించాను. ఎర్రటి గీత. తొండం మీదుగా, బొజ్జ మీదుగా, మూషికం పక్కనుంచి పీట మీదికి సన్నగా దిగింది. అందరూ చూశారు. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు కూడా రంగు కలిపే చూపించారని తర్వాత పేపర్లో చదివి ఎంత పొంగిపోయానో. కానీ గుడిలో ఎవరూ పొంగిపోలేదు. పూజారిగారు ‘ఇంక చాలు మాస్టారూ’ అన్నారు, అంతే. క్యూలో నా వెనక ఆవిడ నన్ను పక్కకి తప్పుకోమని తన స్పూను పెట్టింది.

రాత్రి అన్నం దగ్గర అమ్మకి మళ్లీ మొదలుపెట్టాను. ‘చూశావామ్మా, పాలన్నీ కిందికే కారుతున్నాయి’ అని. మా అమ్మ చారు పోస్తూ అంది: ‘పొద్దుట్నుంచీ ఆ నేల తుడిచింది నేనే కదరా. జనం జారిపడుతున్నారని మూడు గుడ్డలు మార్చాను. పాలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలీదా?’

నాకు నోట మాట రాలేదు. మరి తెలిసీ ఎందుకమ్మా అన్నాను. అప్పుడు మా వాడికి మూడేళ్లు, పక్కనే కూర్చుని మొహమంతా పూసుకుంటున్నాడు. వాణ్ణి చూపించి, ‘వీడికి ముద్ద పెడితే సగం గడ్డం మీద కారుస్తాడు. తినలేదంటానా?’ అంది.

చూడండి, నేను పట్టుకెళ్లిన రుజువు ఆవిడ దగ్గర పొద్దుట్నుంచీ ఉంది. నాకంటే ఎక్కువే ఉంది, మూడు గుడ్డలు పిండింది. ఆవిడ ఆ రోజు రాతి జీర్ణశక్తి గురించి ఏమీ అనడం లేదు. పెట్టడం గురించి అంటోంది. నేనేమో భౌతికశాస్త్రం ప్రశ్నకి జవాబు పట్టుకుని, ఆ ప్రశ్న అడగనివాళ్ల ఇంటికెళ్లాను.

ఇక్కడ మా కుడిపక్క మిత్రులకి మండుతుంది, నాకు తెలుసు. ‘అయితే మాస్టారూ, మూఢనమ్మకాన్ని కవిత్వం చేసేస్తారా?’ అని. లేదండీ. ఆగండి. అదే వీధిలో ఇంకో కథ ఉంది, అది విన్నాక మాట్లాడదాం.

గ్రహణమొర్రి. ఈ మాట ఒక్కసారి నిదానంగా అనుకోండి. పెదవి చీలి పుట్టిన బిడ్డకి మన భాష పెట్టిన పేరులోనే నేరం ఎవరిదో రాసేసి ఉంది. గ్రహణం వల్ల వచ్చింది. గ్రహణం ఏం చేస్తుంది, అది ఆకాశంలో ఉంది, కాబట్టి తల్లి ఏదో చేసింది. కత్తిపీట పట్టుకుంది, సూది పట్టుకుంది, బయటికొచ్చింది.

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే, మా ఊళ్లో మధ్యాహ్నం రోడ్డు మీద కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ వేసవిలో మా పక్కింటి అత్తయ్యగారికి ఆడపిల్ల పుట్టింది, పై పెదవి చీలికతో. ఆవిడ గ్రహణం రోజు దోసకాయ తరిగిందని అత్తగారు తేల్చింది. నిజంగా తరిగిందో లేదో ఆవిడకే గుర్తులేదు. కానీ అందరూ అంటుంటే, ఏమో తరిగానేమో అని తనూ అనుకోవడం మొదలుపెట్టింది. పిల్లని చంకనేసుకుని బయటికొస్తే పమిట కొంగు కప్పేది, పిల్లకి ఎండ తగలకుండా కాదు.

ఇప్పుడు రుజువు అడుగుదాం. ఇక్కడ అడగాలి. గట్టిగా అడగాలి.

గ్రహణాలు వచ్చే కాలం దాదాపు ఆరు నెలలకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ భూమ్మీద ఎక్కడో ఒకచోట కనీసం ఒక సూర్యగ్రహణం ఉంటుంది, సాధారణంగా దాని వెనకో ముందో ఒక చంద్రగ్రహణం కూడా. తొమ్మిది నెలల గర్భంలో ఇది రాకుండా ఉండే వీలు లేదు. అంటే ఏమిటి? ఈ హాల్లో ఉన్న మనమందరం ఏదో ఒక గ్రహణం మీదుగానే వచ్చాం! మనకి కనబడేదో కనబడనిదో, పంచాంగం తిరగేసి వెతికేవాడికి ఒకటి దొరికి తీరుతుంది. బిడ్డ బాగుంటే ఎవరూ వెతకరు. బాగోకపోతే వెతుకుతారు. సుమారు 700 కాన్పుల్లో ఒకరికి ఈ చీలిక వస్తుంది, గ్రహణం అంటే భయం లేని దేశాల్లో కూడా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైంది ఇది, ఇది మీ ఇళ్లలో ఆడవాళ్లకి చెప్పండి. పై పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి అతుక్కునేది గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంటే నెల తప్పిందని తెలిసీ తెలియకముందే. మా అత్తయ్యగారికి గ్రహణం నాటికి ఏడో నెల. ఆ పెదవి సంగతి తేలిపోయి నాలుగైదు నెలలైంది. దోసకాయ నిర్దోషి.

ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు. తెలిసేసరికి ఆ అత్తయ్యగారు లేరు. పిల్లకి ఆపరేషన్ చేయించారు, బాగుంది, పెళ్లయింది. కానీ ఆవిడ చివరిదాకా గ్రహణం అంటే దేవుడి గదిలోంచి కదిలేది కాదు.

మా అమ్మ నమ్మకానికి, ఈ నమ్మకానికి తేడా కనిపించిందా? రెండింట్లోనూ దేవుడున్నాడు, రెండూ సైన్సుకి నిలవవు. ఒకటి నేల తుడుచుకుంటే పోయింది. రెండోది ఒక ఆడమనిషి నెత్తిన నలభై ఏళ్లు కూర్చుంది. అందుకే నేను ముందు అడిగేది, ఈ మాటకి ఎవరైనా మూల్యం చెల్లిస్తున్నారా? పచ్చకామెర్లకి పసరు వేయించుకోవడం చూడండి. మామూలుగా నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ కొన్ని వారాల్లో ఎవడు పసరు పోస్తే వాడే ధన్వంతరి. మా పెదనాన్నగారి అబ్బాయికి వచ్చినవి ఆ కామెర్లు కావు, పిత్తనాళంలో గడ్డ. నలభై రోజులు పసరు, పథ్యం. ఆస్పత్రికి వెళ్లేసరికి డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొక్కు లెక్క

ఇప్పుడు ఎడంపక్కకి వస్తాను. మీరు అనే మాట ఒకటుంది. ‘నమ్మకం అంటే నమ్మకమేనండీ, దానికి రుజువులేమిటి?’ మంచి మాట. ఆ మాట మీద నిలబడితే నాకు మీతో గొడవే లేదు. కానీ నిలబడరు. అయిదు నిమిషాలు ఆగి, ‘మా అబ్బాయికి ఉద్యోగం రాలేదు, కొండకి మొక్కుకున్నాం, నెల తిరక్కుండా వచ్చింది’ అంటారు. అదేమిటండీ మరి? అది రుజువు చూపించడం కాదా? రుజువు మీ దగ్గరుంటే చూపిస్తారు, నేను అడిగితే నమ్మకానికి రుజువేమిటంటారు. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో.

పోనీ ఆ రుజువే చూద్దాం. తిరుమల కల్యాణకట్ట దగ్గర కూర్చుని గుండ్లు లెక్కపెడితే మొక్కు తీరినవాళ్లు ఎంతమందో కొంత తెలుస్తుంది. మొక్కు తీరనివాళ్లు ఎక్కడ కనబడతారు? వాళ్లు జుట్టుతో ఇంట్లో ఉన్నారు. ‘మొక్కాను, ఉద్యోగం రాలేదు’ అని చెప్పడానికి ఎవడూ టికెట్ కొనుక్కుని కొండెక్కడు కదా.

ఇలా ఒకవైపే కాకుండా రెండు వైపులా లెక్కపెట్టి చూసినవాళ్లు ఉన్నారు. 2006లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం బయటికొచ్చింది. ఆరు ఆస్పత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది. వాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు కోసం ప్రార్థన చేశారు, ఒక గుంపు కోసం చేయలేదు, ఈ రెండు గుంపులకీ తమ సంగతి తెలీదు. మూడో గుంపు కోసం చేశారు, చేస్తున్నామని చెప్పారు కూడా. ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చింది మొదటి గుంపులో 52 శాతానికి, రెండో గుంపులో 51 శాతానికి. తేడా లేదు. మూడో గుంపులో 59 శాతం.

మా మిత్రులు ఎగిరి గంతేశారు. భక్తులేమో దేవుణ్ణి పరీక్ష పెట్టకూడదన్నారు. నేను ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతాను. అయ్యా, ప్రార్థన చేసిన గుంపులో చిక్కులు 30 శాతానికి దిగి ఉంటే అప్పుడు కూడా పరీక్ష చెల్లదు అనేవారా? పేపర్ కటింగ్ లామినేషన్ చేయించేవారు కాదా? మరి మీరు, ఆ 59 చూసి ప్రార్థనకి శక్తి ఉంది, కీడు చేసే శక్తి ఉంది అని నమ్మారా? నమ్మలేదు. యాదృచ్ఛికం అన్నారు, లేదా ‘నా కోసం ప్రార్థన చేస్తున్నారంటే నా పరిస్థితి అంత బాగోలేదా’ అని రోగికి టెన్షన్ వచ్చి ఉంటుందన్నారు. అదే నిజం కావచ్చు కూడా. కానీ చూడండి, ఫలితం వచ్చాక వివరణ వెతకడంలో ఎవరూ తక్కువ తినలేదు.

అందుకే ఫలితం రాకముందు మాట్లాడుకోవాలి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ గారూ ఇంకో ఇద్దరూ కలిసి 2008లో జాతకాల మీద పరీక్ష పెట్టినప్పుడు చేసింది అదే. చదువులో చురుకైన పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్కుడికి నలభై ఇచ్చి, ఏది ఏదో చెప్పమన్నారు. ఎన్ని సరిగ్గా చెప్తే నెగ్గినట్టో ముందే చెప్పారు, 28. బొమ్మాబొరుసు వేసినా ఇరవై వస్తాయి. జవాబులు పంపిన 27 మందిలో అందరికంటే ఎక్కువ వచ్చినాయనకి 24. అయినా జాతకాలు ఆగలేదు, అది వేరే సంగతి. ఆ దభోల్కర్ గారినే 2013 ఆగస్టు 20న పుణేలో పొద్దుటే నడకకి వెళ్తుంటే కాల్చి చంపారు.

(ఎడంవైపు నుంచి ఒకరు: ‘మరి వేదం రుజువు కాదంటారా?’)

మంచి ప్రశ్న. శబ్దప్రమాణం. నమ్మదగినవాడు చెప్పిన మాట ప్రమాణం. మా కుడిపక్కవాళ్లు నవ్వుతున్నారు కానీ నవ్వకండి, మీ పుట్టినరోజు మీకెలా తెలుసు? అమ్మ చెప్పింది. మీకది ప్రత్యక్షమా? అక్కడ మీరున్నారు కానీ చూడలేదు. నేను ముప్పై ఏళ్లు ఎలక్ట్రాన్ గురించి చెప్పి జీతం తీసుకున్నాను, దాన్ని కంటితో చూసి కాదు. మనకి తెలిసిందాంట్లో చాలా భాగం ఎవరో చెప్పిందే. తేడా ఒక్కటి. ఎలక్ట్రాన్ మీద అనుమానం వస్తే ల్యాబు తాళం తీసి ఉంది, వచ్చి చేసుకోవచ్చు, తప్పు పట్టుకుంటే నీకు దండ వేస్తారు. మీ గ్రంథం దగ్గర, ఏ గ్రంథమైనా సరే, తప్పు పట్టుకున్నవాడికి దండ వేస్తారా? వేస్తానంటే నేను మీ పక్కకొచ్చి కూర్చుంటాను.

గోరాగారి సంగతి

చివరగా మా పక్షానికి ఒక మాట. ‘రుజువు చూపిస్తే మనుషులు మారిపోతారు’ అని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. దానికి రుజువేదండీ? నాకైతే ఒక్కటీ కనబడలేదు. మీదీ నమ్మకమే.

మన గోరాగారు, గోపరాజు రామచంద్రరావు గారు, బోటనీ లెక్చరరు, నాస్తికుడన్న కారణంగా ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చారు. నిప్పుల గుండం తొక్కడానికి పూనకం అక్కర్లేదు, బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, చకచకా నడిస్తే చాలు అని ఆ కేంద్రంవాళ్లు జనాన్ని నడిపించి చూపించారు. ఆయన గాంధీగారి దగ్గరికి వెళ్లారు. దేవుడి పేరు లేకుండా పూట గడవని మనిషి దగ్గరికి! ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకునేవారు. ఒకరినొకరు మార్చుకోలేదు. నా ఆస్తికత్వమే సరైందనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను అన్నట్టుగా గాంధీగారు ఆయనతో చెప్పారు. గోరాగారు తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెడితే సేవాగ్రామ్‌లో తానే చేయిస్తానన్నారు గాంధీగారు. చేసే ప్రమాణంలో దేవుడు అన్నచోట సత్యం అని పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ పెళ్లి 1948లో సేవాగ్రామ్‌లోనే జరిగింది, అప్పటికి గాంధీగారు లేరు.

ఆ ఇద్దరి మధ్యా దేవుడు ఉన్నాడా లేడా అన్నది తేలలేదు. అంటరానితనం పోవాలా వద్దా అన్నది తేలింది. నాకైతే ఆ లెక్క నచ్చింది.

వాచ్‌మన్ గడియారం చూపిస్తున్నాడు. ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. ఎవరమ్మా, రెండో వరసలో?

(‘మీ అమ్మగారు పోయేటప్పుడు తులసితీర్థం పోశారా మాస్టారూ?’)

పోశానమ్మా. ఆవిడ అడిగింది. స్పూనుతో పోశాను, తల కాస్త ఎత్తిపట్టుకుని. సగం గడ్డం మీద కారింది. తుడిచాను.